జనరేటరుకు బొట్టు పెట్టిన సాయంత్రం

నన్ను 'కప్పల మేడం' అని మొదట పిలిచింది నా విద్యార్థినులు కాదు, స్టాఫ్ రూములో నా పక్క కుర్చీల్లో కూర్చునే పెద్దలు. వెటకారంగానే పిలిచారు. నేను దాన్ని బిరుదుగా తీసుకుని, రిటైరయ్యే రోజు దాకా వదిలిపెట్టలేదు. ఇప్పుడు పరిశోధనలు చేస్తున్న అమ్మాయిలు కొందరు ఇంటికి వచ్చి, "మేడం, గైడు టాపిక్ మార్చుకోమంటే మీరెందుకు మార్చుకోలేదు?" అని అడుగుతుంటారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి చెప్పే సంగతే ఇది. ఒకసారి రాసి పెడితే కాఫీపొడి మిగులుతుందని రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను వేలూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటరుని. అది టెంపరరీ ఉద్యోగం. డాక్టరేటు చేతికొస్తే లెక్చరరుగా పర్మనెంటు చేస్తామన్నారు. రాకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉండేది గుడియాత్తంలో, మా నాయనతోనూ మా మేనత్తతోనూ. నాయన తాపీమేస్త్రి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆ తెలుగును రాయడం మా వాళ్ళలో ఎవరికీ రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. నా మొండితనం ఎలాంటిదో తెలియాలని ఈ ముక్క చెప్పాను, గొప్ప కోసం కాదు.

ఊరి చివర ఒక పాత ఇటుకబట్టీ ఉండేది. మా వాళ్ళు తరాల పాటు అక్కడ మట్టి తవ్వి ఇటుకలు కోశారు. బట్టీ మూతపడ్డాక ఆ గుంటల్లో వాన నీళ్ళు నిలిచాయి, నీళ్ళతో పాటు కప్పలు చేరాయి. చీకటి పడితే చాలు, ఆ పక్కన నిలబడి మాట్లాడుకునే వాళ్ళు గొంతు పెంచాల్సి వచ్చేది. నా పరిశోధన ఆ అరుపుల మీదే.

కప్పల్లో అరిచేది మగవే. ఆడకప్ప నోరు తెరవదు, వింటుంది. విని, తన జాతి గొంతును పోల్చుకుని, నచ్చిన గొంతు వైపు వెళుతుంది. చీకట్లో వాటికి వేరే ఆనవాలు పెద్దగా ఉండదు. బోదురు కప్పది కుండలోంచి వచ్చినట్టుండే లావు గొంతు. గోరంత ఉండే చిన్న కప్పలు దువ్వెన పళ్ళ మీద గోటితో గీసినట్టు అరుస్తాయి. ఆ అరుపు ఆడదాని చెవిని చేరితేనే గుడ్లు, తోకకప్పలు, వచ్చే ఏటికి మళ్ళీ కప్పలు. మీకు ఇంతకు మించి శాస్త్రం చెప్పను, పరీక్ష పెట్టేది లేదు కాబట్టి.

మొదటి రెండు వానాకాలాలూ హాయిగా గడిచాయి. బ్యాటరీలతో నడిచే టేపు రికార్డరు ఒకటి మద్రాసు నుంచి తెప్పించుకుని, సాయంత్రం కాలేజీ నుంచి రైల్లో వచ్చి, ముఖం కూడా కడుక్కోకుండా గుంటల దగ్గరికి పోయేదాన్ని. మూడో ఏడు ఆ గుంటల పక్కనే చెప్పుల పైభాగాలు కుట్టే ఫ్యాక్టరీ వచ్చింది. దేశం విదేశీ వ్యాపారానికి తలుపులు తెరిచిన రోజులు. ఎక్కడ చూసినా ఎగుమతి అనే మాటే. దాని ప్రహరీగోడ కట్టింది మా నాయనే, జనరేటరు షెడ్డు కట్టింది కూడా మా నాయనే. రెండో షెడ్డు పని కూడా ఆయనకే ఇస్తామని మేనేజరు మాటిచ్చాడు. నా కప్పల నోరు మూయించిన గోడను మా ఇంటి తాపీయే లేపిందన్న మాట.

గోడ మీద పెద్ద దీపాలు గుంటల వైపే పెట్టారు, దొంగలు రాకుండా. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు మొదలయ్యేది. ఆ రోజుల్లో కరెంటు ఉండేదానికంటే పోయేదే ఎక్కువ. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి, గుంటలు నిండాయి. నా క్యాసెట్ల నిండా జనరేటరు తప్ప ఇంకేమీ లేదు. దీపం వెలుగు పడని మూలలో చిన్న కప్పలు జనరేటరు ఆగిన కాసేపు గొంతు సవరించుకునేవి, అది మళ్ళీ మొదలవగానే ఆపేసేవి. బోదురు కప్పల గొంతూ జనరేటరు గొంతూ ఒకే లోతులో ఉంటాయి కాబట్టి వాటికి ఆ అవకాశం కూడా లేదు. ఆ ఏడు గుడ్లు ఎక్కడా కనిపించలేదు.

ఈ సంగతి మా గైడుకు చెప్పాను. పెద్దమనిషి, మంచి చదువరి, ఎవరితోనూ గొడవ పడని స్వభావం. గొడవ పడకపోవడమే శాస్త్రం అనుకునేవారు.

"తోళ్ళ ఫ్యాక్టరీల మురుగునీళ్ళు కలిసి చచ్చిపోయి ఉంటాయమ్మా. ఈ జిల్లాలో కొత్తేముంది?" అన్నారు.

మరునాడు పగలు గట్టు కింది గడ్డిలో వెతికి, కప్పలను ఒక బక్కెట్లో వేసుకుని బస్సెక్కి తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ వేలూరు దాకా టిక్కెట్టు తీసుకుంది, రెండు స్టాపుల ముందే దిగిపోయింది.

"బతికే ఉన్నాయి సార్."

"బతికే ఉంటే ఇంకేం కావాలి?"

"మాట్లాడుకోవడం లేదు."

"మంచిదేగా, ప్రశాంతంగా ఉంటుంది," అని నవ్వారు. తర్వాత నవ్వాపి, టాపిక్ మార్చుకోమన్నారు. వెలుగూ చప్పుడూ అనేవి ఫిర్యాదు కిందికి వస్తాయి గానీ జంతుశాస్త్రం కిందికి రావన్నారు. ఆ దీపాలూ ఆ జనరేటరూ లేని ఒక్క సాయంత్రం, అదే గుంటల్లో, అదే కాలంలో అవి అరిచాయని చూపిస్తే అప్పుడు ఆలోచిస్తానన్నారు. అది జరగదని ఆయనకు నమ్మకం. ఎగుమతి ఫ్యాక్టరీ కప్పల కోసం పని ఆపుతుందా?

కప్పల కోసం ఆపదు. కానీ సంవత్సరానికి ఒక్కరోజు ఆపుతుంది. రైల్లో ఇంటికి వస్తుంటే తట్టింది, ఆయుధపూజ.

మా వైపు ఆయుధపూజ అంటే మాటలు కాదు. కుట్టుమిషను నుంచి లారీ దాకా, పుస్తకం నుంచి పార దాకా, మనిషికి అన్నం పెట్టే ప్రతి పనిముట్టునూ కడిగి, గంధం కుంకుమ పెట్టి, దండ వేసి, బొరుగులూ సెనగలూ నైవేద్యం పెడతారు. ఆ తర్వాత మరుసటి రోజు తెల్లవారే దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. యజమాని ఏ మతం వాడైనా, ఎంత తొందరలో ఉన్నా ఈ ఒక్కదానికి అడ్డు చెప్పడు. పండగ వచ్చేదేమో అక్టోబరులో, సరిగ్గా మా వైపు వానలు పడే కాలంలో. జనరేటరుకు పూజ చేస్తారు, మెయిను స్విచ్చికి బొట్టు పెట్టి ఆపేస్తారు, ఫ్యాక్టరీ మొత్తానికి ఒక నూనె దీపం. ఇంతకంటే మంచి ప్రయోగశాల నాకు ఏ యూనివర్సిటీ ఇస్తుంది? నా తెలివికి నేనే మురిసిపోయాను.

పండగకు ముందు రోజు వాన పడింది. పండగ రోజు మధ్యాహ్నం బజారుకు వెళ్ళి కొత్త బ్యాటరీలు కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి మా అత్త పూజ సర్దేసి ఉంది. ఆమె కుట్టుమిషను, కత్తిపీట, మా నాయన పాత తాపీ, రసమట్టం, తూకంగుండు. వాటి మధ్యలో నడినెత్తిన కుంకుమతో, మెడలో చేమంతి దండతో నా టేపు రికార్డరు.

"అత్తా! అది నాకు సాయంత్రం కావల్ల."

"రేపు పొద్దున ఎత్తుకో. ఈ పొద్దు ఆయుధాన్ని ముట్టరాదని నీకు తెలీదా?"

"ఏడాదికి ఒక్క దినమే అత్తా ఇది. ఈ పొద్దు పోతే నా చదువే పోతాది."

అత్త హారతి పళ్ళెం కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఆ ఫ్యాక్టరీ వాళ్ళంతా మిషన్లు ముట్టకుండా ఉండల్ల, నువ్వు మాత్రం నీ మిషన్ను ముట్టొచ్చునా? ఇదేం న్యాయమే పాపా?"

ఆ నియమాన్ని ఊరంతా పాటిస్తుందనే కదా నేను అంత ధైర్యంగా ఉన్నది! అయినా అత్త వడలు వేయడానికి వంటింట్లోకి వెళ్ళేదాకా తలుపు దగ్గర కూర్చుని, దండ తీసి పక్కన పెట్టి, రికార్డరును చంకన పెట్టుకుని బయటపడ్డాను. కొంగుతో ఎంత తుడిచినా మీటల సందుల్లో కుంకుమ ఉండిపోయింది.

ఆలస్యమైంది. నేను గుంటల దగ్గరికి చేరేసరికి మసక చీకటి. ఫ్యాక్టరీ గేటు దగ్గర మా నాయనా, ఆయన కూలీలూ, జనరేటరు నడిపే ఆపరేటరూ బొరుగులు తింటూ కూర్చున్నారు. వాళ్ళ పనిముట్లకు పూజ అక్కడే జరిగింది. గోడ మీది దీపాలు ఆరిపోయి ఉన్నాయి. చుట్టుపక్కల కూడా కరెంటు లేదు. గడ్డిలో ఎక్కడో ఒక చిన్న కప్ప గొంతు సవరించుకుంటోంది. నేను గట్టు మీద కూర్చుని మీట నొక్కాను, టేపు తిరగడం మొదలైంది.

అంతలో రోడ్డు మీంచి రెండు కార్లు మలుపు తిరిగాయి. వాటి దీపాలు గుంటల మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకాయి. కప్ప నోరు మూసుకుంది.

దిగింది మేనేజరు. వెంట సరుకు కొనడానికి సముద్రాలు దాటి వచ్చిన అతిథులు. పండగ అలంకారం చూపిద్దామని తీసుకొచ్చాడట, చూస్తే అంతా చీకటి. ఆపరేటరును పిలిచి జనరేటరు వేయమన్నాడు. ఆపరేటరు లేచాడు గానీ కదల్లేదు, మా నాయన వైపు చూశాడు. నాయన బొరుగుల పొట్లం పక్కన పెట్టి వెళ్ళి జనరేటరు షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"సామి కుంబిట్ట మిషన్ సార్. ఇన్నిక్కి తొడక్కూడాదు," అన్నాడు అరవంలో. పూజ చేసిన మిషను, ఈ రోజు ముట్టకూడదని.

మేనేజరు మొదట నచ్చజెప్పాడు, తర్వాత అరిచాడు, రెండో షెడ్డు సంగతి గుర్తు చేశాడు. నాయన కూడా గొంతు పెంచాడు. సున్నం గానుగల చప్పుడు మధ్య కూలీలను కేకేసిన గొంతు అది, తక్కువది కాదు. కార్ల దీపాలు గుంటల మీదే వెలుగుతున్నాయి, నా టేపు తిరుగుతూనే ఉంది. అప్పుడు మేనేజరు నన్ను చూశాడు. నా ఒళ్ళో రికార్డరు ఎర్ర దీపం, పక్కన కుంకుమ మరక.

"ఆమె మీ కూతురే కదా?" అన్నాడు. "ఆ చేతిలో ఉన్నది మిషను కాదా? దానికీ పూజ చేసినట్టే ఉందే! అది నడవొచ్చు, నాది నడవకూడదా?"

అందరూ నా వైపు తిరిగారు. మా అత్త మధ్యాహ్నం అడిగిన ప్రశ్నే. నాయన తలుపు దగ్గర నుంచి కదల్లేదు. నేను టేపు ఆపకపోతే జనరేటరు మొదలవుతుంది, కప్పలు అరవవు. ఆపితే అవి అరుస్తాయేమో గానీ నా దగ్గర రుజువు ఉండదు. ఒళ్ళు మండిపోయింది. మేనేజరు మీద, అత్త మీద, వాళ్ళు చెప్పేది న్యాయంగా ఉన్నందుకు ఇంకా ఎక్కువగా.

మీట నొక్కాను. టక్కుమని టేపు ఆగింది. రికార్డరును తీసుకెళ్ళి నాయన కాళ్ళ దగ్గర, షెడ్డు గుమ్మం మీద పెట్టాను.

"నాదీ ఆపేసినా సార్. ఇంక మీది కూడా ఆగల్ల. ఆ కార్ల దీపాలు గూడా ఆర్పమని చెప్పండి," అన్నాను.

అతిథుల ముందు ఇంకేం చేస్తాడు? దీపాలు ఆర్పించాడు. మబ్బుల్లో చంద్రుడు ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. ముందు ఆ చిన్నదే, దువ్వెన మీద గోరు గీసినట్టు. దానికి అవతలి ఒడ్డు నుంచి ఇంకొకటి జవాబిచ్చింది. పక్కనే మరొకటి. తర్వాత బోదురు కప్ప, సీజనంతా నోరెత్తనిది, కుండలోంచి పలికింది. ఆపైన ఏ గొంతు ఏదో చెప్పడం నా వల్ల కాలేదు. గుంటలన్నీ ఒక్కసారిగా మోగిపోయాయి. అతిథుల్లో ఒకాయన అదేం చప్పుడని అడిగాడు. మేనేజరు పురుగులన్నాడు.

"కప్పలు సార్," అన్నాడు మా నాయన.

నేను ఉత్త చేతులతో గట్టు మీద కూర్చుని విన్నాను. అవి ఉన్నాయి, వాటికి గొంతు ఉంది, మనం ఆపితే అవి మాట్లాడతాయి. నేను చెప్పినదంతా నిజమని నా చెవులు చెబుతుంటే, దాన్ని పట్టుకోవడానికి చేతిలో ఏమీ లేదు. సంతోషమో ఏడుపో తెలియని స్థితి. కార్లు వెళ్ళిపోయాక నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ కప్పల కోసరం కాదమ్మా నేను అడ్డం నిలబడింది. పూజ పూజే," అన్నాడు. గుంటల వైపు చూస్తూ, "అయినా బాగుండాది. బట్టీ మూసిన కొత్తలో మా నాయనతో పాటు కావలికి ఈడనే పండుకుంటా ఉంటిమి. ఇంత గొంతు ఉండాదని మర్చిపోయినా," అన్నాడు.

రికార్డరు మీట మళ్ళీ నొక్కుదామా అని నాకు అనిపించకపోలేదు. మేనేజరు లేడు, అడిగేవాళ్ళు లేరు. కానీ ఆపుతానన్నది నలుగురి ముందు. నొక్కలేదు.

మా గైడు ఆ క్యాసెట్టు విన్నారు. అందులో కార్ల చప్పుడూ, మేనేజరు కేకలూ, వాటన్నిటినీ మించి మా నాయన అరుపూ ఉన్నాయి, చివర్లో టక్కుమని ఆగిపోయింది.

"ఇది ఏ జాతి?" అన్నారు, కళ్ళజోడు తీసి.

"తాపీమేస్త్రి జాతి సార్. చుట్టుపక్కల నిశ్శబ్దం కావాలంటే ఇలా అరుస్తుంది," అన్నాను.

ఆయనకు నవ్వు రాలేదు. టాపిక్ మార్చుకుంటున్నట్టు రాసిమ్మన్నారు. నేను టాపిక్ మార్చలేదు, గైడును మార్చుకున్నాను. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న ఒక ప్రొఫెసరు, తనను మాటిమాటికీ విసిగించకపోతే సంతకం పెడతానన్నారు. ఆ గొడవలో లెక్చరరు పోస్టు ఇంకొకరికి వెళ్ళింది, కోళ్ళ మేత మీద పరిశోధన చేసిన ఒక మర్యాదస్తుడికి. రెండో షెడ్డు పని కూడా వేరే మేస్త్రికి వెళ్ళింది. నాయన వేలూరు పక్కన తొరపాడిలో ఇళ్ళు కడుతూ, రోజూ బస్సులో పోయి వచ్చాడు. నేను ఆ ఏడంతా స్టాఫ్ రూములో 'ఈ ఏడు కప్పలు ఏమంటున్నాయి మేడం' అన్న ప్రశ్న వింటూ, మళ్ళీ ఆయుధపూజ కోసం కాచుకున్నాను. ఏమంటున్నాయో వచ్చే అక్టోబరులో చెబుతానని అందరికీ ఒకటే జవాబు.

మరుసటి ఏడు పండగ రోజు పొద్దున్నే, ఇంకెందుకు గొడవ అని నేనే రికార్డరును తీసుకెళ్ళి పూజ పీట పక్కన పెట్టాను. సాయంత్రం ఏం చేయాలో తెలియలేదు, అత్తను బతిమాలడమో ఏదో. అత్త గంధం గిన్నెతో వచ్చింది. కుట్టుమిషనుకు పెట్టింది, కత్తిపీటకు పెట్టింది, తాపీకి పెట్టింది. రికార్డరు దగ్గర ఆగి, దాన్ని ఎత్తి నా చేతిలో పెట్టింది.

"దీన్ని యాడ పెడతా ఉండావే? కోసేదీ, కుట్టేదీ, కట్టేదీ ఆయుధం. ఇది ఏం చేస్తాది? వింటాది. వినేదానికి సెలవెందుకు? పో, చీకటి పడతాది."

ఏడాది పాటు ఆ విషయం ఆమె ఆలోచించిందని అప్పుడు తెలిసింది. నాకు ఆ మాట తోచి ఉంటే మేనేజరుకు చెప్పి ఉండేదాన్ని. ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే, కుట్టుమిషను తొక్కే కాళ్ళూ ఈ పొద్దు ముట్టరాదంటూ వెనక్కి జరిగింది.

ఆ సాయంత్రం నాయన నాతో వచ్చాడు. ఆ వారం వాన పడింది, ఫ్యాక్టరీ చీకటిగా ఉంది, ఏ కారూ రాలేదు. కప్పలు అరిచినంతసేపూ నా టేపు తిరిగింది. మరుసటి సాయంత్రం అదే చోట కూర్చుని, అదే క్యాసెట్టు రెండో వైపు పెట్టాను. దీపాలు వెలిగాయి, జనరేటరు మొదలైంది, గుంటల్లో చప్పుడు లేదు.

వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు రెండు వైపులా విన్నారు. గదిలో మా పాత గైడు కూడా ఉన్నారు, కోళ్ళ మేత లెక్చరరూ ఉన్నారు. పరీక్షకుడు పెన్ను తిప్పుతూ, "అమ్మా, మిగతా రోజులన్నిటికీ ఎదురుగా మీరు పెడుతున్నది ఏడాదిలో ఒక్క సాయంత్రాన్ని. సరిపోతుందా? ఇంకొన్ని నిశ్శబ్దమైన రోజులు దొరకలేదా?" అని అడిగారు.

"లేదు సార్," అన్నాను. "మిగతా రోజులన్నీ మనమే మాట్లాడుతున్నాం."